జోడీ ఊలు టోపీ, నెక్ వార్మర్: గుండ్రంగా కాదు, పట్టీలా అల్లండి

అమలాపురం నుంచి ఒకరు అడిగిన ప్రశ్న ఇది. తమ్ముడు జనవరిలో చదువు కోసం కెనడాలోని విన్నిపెగ్ వెళ్తున్నాడు. అతనికి ఒకే రంగులో టోపీ, మెడకు నెక్ వార్మర్ అల్లి ఇవ్వాలని ఆవిడ కోరిక. ఇంతకుముందు క్రోషే సూది (మొన దగ్గర కొక్కెం ఉండే అల్లిక సూది) పట్టింది లేదు. వీడియో చూసి నడినెత్తి నుంచి టోపీ మొదలుపెడితే ఒకసారి అంచులు లోపలికి ముడుచుకుపోతున్నాయి, ఇంకోసారి అలలు తేలుతున్నాయి. ఇంట్లో అమ్మమ్మ దాచుకున్న లేసు దారం ఉండలు చాలా ఉన్నాయి, వాటితో అల్లవచ్చా? నెల రోజుల్లో పూర్తవుతుందా?

ముందు సమాధానం చెప్పేస్తాను. నెల చాలు, ఇంకా రోజులు మిగులుతాయి. కానీ గుండ్రంగా అల్లడం ఇప్పటికి పక్కన పెట్టండి. టోపీ, నెక్ వార్మర్ రెండింటినీ ఒకే కుట్టుతో, తిన్నగా, పట్టీలుగా అల్లండి. ఒక పట్టీ రెండు చివరలు కలిపి కుడితే నెక్ వార్మర్. ఇంకో పట్టీ చివరలు కలిపి, పై అంచును దారంతో కుచ్చులా దగ్గరకు లాగి ముడివేస్తే టోపీ. ముందు నెక్ వార్మర్ చేయండి, ఆ తర్వాతే టోపీ. అమ్మమ్మ లేసు దారం మాత్రం ఈ పనికి పనికిరాదు.

గుండ్రంగా ఎందుకు వద్దన్నానో చెబుతాను. నడినెత్తి నుంచి మొదలుపెడితే ప్రతి వరుసలో ఎక్కడెక్కడ కుట్లు పెంచాలో లెక్క తప్పకూడదు. పెంచింది తక్కువైతే ముడుచుకుంటుంది, ఎక్కువైతే అలలు తేలుతుంది. మీకు జరుగుతున్నది అదే. అలవాటైన చేతికి ఆ లెక్క కంటితోనే తెలిసిపోతుంది. కొత్త చేతికి మాత్రం సూది పట్టడం, ఊలు బిగువు చూసుకోవడం, కుట్టు గుర్తుపట్టడం, కుట్లు లెక్కపెట్టడం అన్నీ ఒకేసారి మీద పడతాయి. పట్టీలో పెంచడం లేదు, తగ్గించడం లేదు. మొదటి వరుసలో ఎన్ని కుట్లో ఆఖరి వరుసలోనూ అన్నే.

నేను నరసాపురం పక్క పల్లెలో లేసు అల్లే ఇంట్లో పెరిగాను. ఇప్పుడు నా దగ్గరకు వచ్చేవాళ్లలో ఎక్కువమంది మీలాంటివాళ్లే. కొడుకో, అల్లుడో, తమ్ముడో మంచు కురిసే దేశానికి ప్రయాణం కడితే ఊలు పని గుర్తుకొస్తుంది. 2024లో నరసాపురం క్రోషే లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చినప్పటి నుంచి ఇంకో మాట కూడా వింటున్నాను: ‘లేసు ఊళ్లవాళ్లకు ఊలు టోపీ ఒక లెక్కా?’ లెక్కే. లేసు పనితనమంతా సన్నదారంలో, బిగువులో, ఖాళీలు అందంగా వదలడంలో ఉంది. చలిటోపీకి దారం మందంగా ఉండాలి, చెయ్యి వదులుగా ఉండాలి, ఖాళీలు ఉండకూడదు. అన్నీ తలకిందులే.

లేసు దారం ఎందుకు వద్దు? అది నూలు. నూలుకు సాగే గుణం తక్కువ. తల మీదికి లాగిన టోపీ మళ్లీ దగ్గరకు ముడుచుకోకపోతే రెండు రోజుల్లో చెవుల మీద నుంచి జారిపోతుంది. పైగా నూలు చెమటను పీల్చుకుని తడిగానే ఉండిపోతుంది. మన ఎండల్లో అది సుగుణం. విన్నిపెగ్‌లో జనవరి రాత్రి ఉష్ణోగ్రత మైనస్ 20 డిగ్రీల కిందికి దిగడం మామూలు విషయం. అక్కడ తడిబట్ట నెత్తిన ఉండటం మంచిది కాదు. ఆ ఉండలతో అమ్మమ్మ చేత తమ్ముడి బల్ల మీదికి ఒక గుడ్డ అల్లించి పంపండి.

ఇక ఊలు విషయం. మన దగ్గర షాపులో ‘ఊలు’ అని అడిగితే చేతికిచ్చేది దాదాపుగా ఆక్రిలిక్, అంటే కృత్రిమ పోగు. అందులో తప్పేమీ లేదు, మొదటిసారికి నేను చెప్పేదీ అదే. అసలు ఊలు వెచ్చదనంలో మేలైనదే, కొంచెం తడిసినా వెచ్చగానే ఉంటుంది. కానీ మెషీన్‌లో ఉతకవచ్చని లేబుల్ మీద లేని అసలు ఊలును వేడినీళ్లలో తిప్పితే గట్టిపడి చిన్నపిల్లల టోపీ అంత అయిపోతుంది. హాస్టల్లో ఉండే కుర్రాడు టోపీని విడిగా చల్లనీళ్లలో చేత్తో ఉతుకుతాడని మీకు నమ్మకముందా? నాకు లేదు.

కొనేటప్పుడు ‘ఫోర్ ప్లై’ అన్న మాట చూసి మోసపోవద్దు. ఎన్ని పోగులు పేనారో అది చెబుతుంది, ఎంత మందమో చెప్పదు. లేబుల్ మీద సూది బొమ్మ పక్కన 5 లేదా 5.5 మిల్లీమీటర్లు అని ఉంటే అది మీకు కావలసిన ఊలు. ఆ మందంలో 100 గ్రాముల ఉండ సుమారు 180 నుంచి 200 మీటర్లు వస్తుంది. టైలరింగ్ సామాను అమ్మే మన షాపుల్లో ఎక్కువగా దొరికేవి పసిపిల్లల స్వెటర్లకు వాడే సన్నరకం చిన్న ఉండలు. అవే దొరికితే రెండు ఉండల కొసలు జత చేసి, రెండు పోగులూ కలిపి ఒకే దారంగా అల్లండి. మందం సరిపోతుంది.

రెండు వస్తువులూ కలిపి 230 గ్రాములు, కొంచెం అటూ ఇటూగా పడుతుంది. 300 గ్రాములు ఒకేసారి కొనండి, లేబుళ్ల మీద రంగు లాట్ నంబరు, అంటే ఒకే విడతలో రంగు వేసిన ఊలు గుర్తు, ఒకటేనా అని చూడండి. ఒకే పేరున్న నీలం రంగు కూడా రెండు లాట్లలో రెండు రకాలుగా ఉంటుంది. షాపు లైటు కింద తేడా తెలియదు. ఇంటికొచ్చి పగటి వెలుగులో టోపీ పక్కన నెక్ వార్మర్ పెడితే అప్పుడు కనబడుతుంది. జోడీ అన్న మాటకు అర్థం ఉండాలంటే ఈ ఒక్క జాగ్రత్త తప్పదు.

నలుపు కొనకండి. మగపిల్లలంతా నలుపే అడుగుతారని తెలుసు. నా దగ్గర నేర్చుకున్న ఒకమ్మాయి అన్నయ్య కోసం నల్ల ఊలు తెచ్చుకుంది. పగలు ఉద్యోగం, రాత్రి ట్యూబులైటు కింద అల్లిక. నల్ల ఊలులో కుట్టు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో నాకే వేలితో తడిమి చూసుకోవాల్సి వస్తుంది, ఆమెకు ఇంకేం కనబడుతుంది! ఊలు మార్చి బూడిద రంగు ఇచ్చాక పని ముందుకు నడిచింది. బూడిద, లేత నీలం, ఆవపువ్వు పసుపు, మిరపపండు ఎరుపు, ఏదైనా ఫర్వాలేదు. నూగు నూగుగా ఉండే ఊలు కూడా వద్దు, తప్పు కుట్టు విప్పబోతే చిక్కుపడిపోతుంది.

సూది 5.5 మిల్లీమీటర్లది, అల్యూమినియంది తీసుకోండి. దాంతోపాటు మొన వాడిగా లేని పెద్ద కన్ను సూది ఒకటి, టేపు, కత్తెర, నాలుగు పిన్నీసులు. ఇంకేమీ అక్కర్లేదు. అమ్మమ్మ లేసు సూదులు ఉక్కువి, చాలా వాటి మొన మిల్లీమీటరు చుట్టుపక్కలే ఉంటుంది. వాటితో ఊలు లాగితే పోగులు చీలిపోతాయి.

ఇప్పుడు కుట్టు. మనం వాడేది హాఫ్ డబుల్ క్రోషే. పొట్టి కుట్టు సింగిల్ క్రోషేతో అల్లితే గట్టిగా వస్తుంది, పని సాగదు. పొడవు కుట్టు డబుల్ క్రోషేతో తొందరగా సాగుతుంది గానీ కుట్ల మధ్య సందుల్లోంచి గాలి దూరుతుంది. హాఫ్ డబుల్ ఈ రెండింటికీ నడుమ ఉంటుంది. చేసే తీరు ఇది: ఊలును సూది మీద ఒకసారి చుట్టండి, సూదిని కుట్టులోకి దూర్చండి, ఊలు అందుకుని బయటికి లాగండి. సూది మీద మూడు ఉచ్చులు ఉంటాయి. మళ్లీ ఊలు అందుకుని మూడింటిలోంచీ ఒకేసారి లాగేయండి. అంతే.

ఒక హెచ్చరిక. నేను చెబుతున్న పేర్లు అమెరికా పద్ధతివి. బ్రిటిష్ పద్ధతి పుస్తకాల్లో ఇదే కుట్టు పేరు హాఫ్ ట్రెబుల్. అమెరికావారి సింగిల్ వారికి డబుల్ అవుతుంది. వీడియో ఒక పద్ధతిది, చేతిలో కాగితం ఇంకో పద్ధతిది అయితే కొలతలన్నీ తారుమారవుతాయి. ఏది చూసినా ముందు ఎవరి పద్ధతో కనుక్కోండి.

టోపీకి ఆ సాగే గుణం, నిలువు చారలు ఎలా వస్తాయన్నదే అసలు కిటుకు. ఒక వరుస అల్లి తిప్పి, పై అంచును మీ వైపు వంచి చూడండి. ప్రతి కుట్టు నెత్తిన పక్కకు వాలిన ‘వి’ ఆకారంలో రెండు పోగులు కనబడతాయి. ఒకటి మీకు దగ్గరగా, ఇంకోటి దూరంగా. మామూలుగా సూదిని రెండింటి కిందికీ దూర్చాలి. మనం మాత్రం దూరంగా ఉన్న వెనక పోగు కిందికి మాత్రమే దూరుస్తాం. అలా వదిలేసిన ముందు పోగులన్నీ వరుసగా నిలబడి గట్టులా తేలతాయి. రెండేసి వరుసలకు ఒక గట్టు. బట్ట అడ్డంగా రబ్బరులాగా సాగి మళ్లీ దగ్గరకు వస్తుంది. హాఫ్ డబుల్‌లో ఈ రెండు పోగులే కాక, ముక్క తిప్పాక మీ వైపున ‘వి’ కింద మూడో పోగు ఒకటి అడ్డంగా ఉంటుంది. కొత్తవాళ్లు దాన్ని కూడా ‘వి’లో పోగే అనుకుని పొరబడతారు. ‘వి’లో దూరంగా ఉన్నదే మనది, ‘వి’ కిందిది కాదు. పొరపాటున ఒక వరుసంతా ఆ మూడో పోగులో అల్లినా బట్టేమీ పాడవదు, చారల తీరు మాత్రం మారుతుంది.

నెక్ వార్మర్‌తో మొదలుపెట్టమన్నది ఎందుకంటే, అదే మీ కొలత ముక్క. పుస్తకాలు ముందు ఒక చిన్న చదరం అల్లి కొలవమంటాయి. కొత్తవాళ్లెవరూ అల్లరు, నేను చెప్పడం కూడా మానేశాను. నెక్ వార్మర్‌లో ఒక సెంటీమీటరు అటూ ఇటూ అయినా మెడ ఏమీ అనదు. ఆ ముక్క మీద చెయ్యి కుదురుతుంది, మీ బిగువు తెలుస్తుంది, ఆ తర్వాత టోపీ కొలత గురితప్పదు.

జారుముడి వేసి 33 గొలుసు కుట్లు (ఊలు అందుకుని సూది మీది ఉచ్చులోంచి లాగితే ఒక గొలుసు) వదులుగా అల్లండి. సూది పక్క గొలుసును వదిలి రెండో దానిలో మొదటి హాఫ్ డబుల్ వేయండి, అక్కడి నుంచి గొలుసుకొకటి. చివరికి 32 రావాలి. ఒక గొలుసు అల్లి ముక్కను తిప్పండి. ఆ ఒక్క గొలుసు మలుపు కోసమే, అది కుట్టు లెక్కలోకి రాదు. వెనక పోగుల్లో మళ్లీ 32. పది వరుసలయ్యాక టేపు పెట్టండి. 32 కుట్ల నిడివి 21 నుంచి 24 సెంటీమీటర్ల మధ్య ఉంటే మీ చెయ్యి సరిగ్గా ఉంది. 20 కన్నా తక్కువ ఉంటే 6 మిల్లీమీటర్ల సూదికి మారండి, 25 దాటితే 5కి. ఆ నిడివే నెక్ వార్మర్ ఎత్తు. గడ్డం కింద నుంచి అవసరమైతే ముక్కు మీదికి లాక్కోవడానికి సరిపోతుంది.

వరుసలు ఎన్ని అన్నది నేను చెప్పను, టేపే చెబుతుంది. తమ్ముడి తల చుట్టుకొలత నుదుటి మీదుగా, చెవుల పైన తీసుకోండి. పెద్దవాళ్లలో చాలామందికి 54 నుంచి 58 సెంటీమీటర్లు ఉంటుంది. నెక్ వార్మర్ ఆ కొలత కన్నా రెండు మూడు సెంటీమీటర్లు తక్కువ ఉండాలి. తల మీదుగా సాగి దిగుతుంది, దిగాక మెడకు మరీ వదులు కాదు. కొలిచేటప్పుడు ముక్కను బల్ల మీద ఊరికే పరచండి, లాగకండి. ఎక్కడ ఆపినా సరిసంఖ్య వరుస దగ్గర ఆపండి, అప్పుడే అతుకు దగ్గర కూడా చార తెగకుండా కలుస్తుంది.

కొత్తవాళ్లందరికీ వచ్చే ఒక ఇబ్బంది మీకూ వస్తుంది. వరుస తర్వాత వరుస ముక్క సన్నబడుతుంది. ఒకమ్మాయి 32 కుట్లతో మొదలుపెట్టి, చివరికి 23తో, పైకి సన్నబడిన ముక్క ఒకటి పట్టుకొచ్చింది. బిగువు తేడా అనుకుని సూది మార్చింది, ఊలు కూడా మార్చింది. కారణం అది కాదు. వరుసలో ఆఖరి కుట్టు, మలుపు గొలుసు పక్కన నక్కి ఉంటుంది. పోగులు సన్నగా, పక్కకు తిరిగి ఉండటంతో అది కుట్టులా కనబడదు. దాన్ని వదిలేసి ముక్క తిప్పేస్తారు. ప్రతి వరుసలో మొదటి కుట్టు వేయగానే దాని నెత్తిన పిన్నీసు గుచ్చండి. తిరిగి వచ్చేటప్పుడు పిన్నీసు ఉన్న చోట కుట్టు వేసేదాకా వరుస ముగిసినట్టు కాదు. నాలుగైదు వరుసలకొకసారి 32 లెక్కపెట్టుకుంటే చాలు. పాతిక వరుసల తర్వాత కంటికి ఎలాగూ అలవాటవుతుంది, పిన్నీసులు మీరే తీసేస్తారు.

ఉండ అయిపోతే కొత్తది వరుస చివరే కలపండి, మధ్యలో కాదు. ముడి వేయకండి. రెండు కొసలూ అరజానెడు వదిలి, తర్వాత పెద్ద కన్ను సూదితో కుట్లలోపలికి ఒకసారి అటు, మళ్లీ ఇటు, ఇంకోసారి అటు దూర్చి కత్తిరించండి. ఆక్రిలిక్ నునుపు, ఒకే దిక్కుగా దూరిస్తే ఉతుకుల్లో కొస బయటికి వచ్చేస్తుంది.

ఇక టోపీ. అదే కుట్టు, రెండే తేడాలు. 39 గొలుసులు అల్లి 38 కుట్లు వేయండి. అది సుమారు 27 సెంటీమీటర్ల ఎత్తు. అందులో ఆరేడు సెంటీమీటర్లు అంచు మడతకు పోతుంది. ఆ మడత చెవుల మీద రెండు పొరలుగా ఉండాలి. మడత అందానికి అనుకుంటారు, అది చెవుల కోసం. రెండో తేడా: మొదటి జారుముడి కొస ఉన్న వైపును టోపీ నెత్తి అనుకోండి. ఆ వైపున ప్రతి వరుసలోనూ ఆరు కుట్లను హాఫ్ డబుల్ బదులు సింగిల్ క్రోషేగా (ముందు ఊలు చుట్టకుండా సూది దూర్చి, ఊలు బయటికి లాగి, సూది మీది రెండు ఉచ్చుల్లోంచీ ఒకేసారి లాగేది) వేయండి. అంటే ఒక వరుసలో అవి ఆఖరి ఆరు, తర్వాతి వరుసలో మొదటి ఆరు. సింగిల్ పొట్టిది కాబట్టి నెత్తి వైపు పట్టీ కొంచెం దగ్గరగా వస్తుంది. కుచ్చు లాగినప్పుడు ఉబ్బెత్తుగా మూటలా నిలబడదు. ఈ సంగతి తెలియకే పట్టీ టోపీలు చాలావాటికి నెత్తిన బుడిపె కనబడుతుంది.

టోపీ పట్టీ పొడవు తల కొలత కన్నా ఆరేడు సెంటీమీటర్లు తక్కువ. 57 తలకు 50 సరిపోతుంది. చూడగానే చిన్నదనిపిస్తుంది, భయపడి పెంచకండి. గట్ల అల్లిక నెల వాడకంలో ఇంకొంచెం సాగుతుంది. వదులు టోపీ వెచ్చగా ఉండదు.

సరిసంఖ్య వరుస దగ్గర ఆపినప్పుడు ఊలు కొస మీకు అంచు వైపున ఉంటుంది. మీటరున్నర వదిలి కత్తిరించి, ఆఖరి ఉచ్చులోంచి లాగేయండి. ఇక అతుకుపని. లేసు ఊళ్లలో అల్లేవాళ్లు వేరు, పువ్వులు అతికేవాళ్లు వేరు. అతుకు చేయి తిరిగినవాళ్ల పని అన్న గౌరవం ఉంది, నిజంగానే వస్తువు రూపం అక్కడే తేలుతుంది. పట్టీ రెండు చివరలు పక్కపక్కన పెట్టి, మొదటి గొలుసు అంచులోంచి ఒక పోగు, ఆఖరి వరుసలో వెనక పోగు ఒకటి తీసుకుంటూ అంచు నుంచి నెత్తి దాకా కుట్టుకుంటూ వెళ్లండి. ఊలును గట్టిగా బిగించకండి. బట్టంతా సాగి అతుకు ఒక్కటీ సాగకపోతే తల మీదికి లాగేటప్పుడు ముందు తెగేది అదే. ఐదారు కుట్లకొకసారి అతుకును చేత్తో సాగదీసి చూడండి.

నెత్తికి చేరాక అదే ఊలుతో పై అంచు చుట్టూ, రెండు వరుసలకొక పోటు చొప్పున గుచ్చుకుంటూ తిరిగి రండి. నెమ్మదిగా లాగండి, ఒక్కసారిగా కాదు. వదులుగా పేనిన ఊలైతే ఇక్కడే పుటుక్కుమంటుంది. సగం దగ్గరకు వచ్చాక ఆగి, కుచ్చు అంతటా సమంగా సర్దండి, మళ్లీ లాగండి. చిన్న రంధ్రం మిగిలితే దాని మీదుగా రెండు మూడు అడ్డపోట్లు వేసి, కొసను లోపలికి తీసి కట్టేయండి. పైన ఊలు బంతి పెట్టాలా వద్దా అన్నది తమ్ముడి వయసును బట్టి మీరే నిర్ణయించుకోండి. ఇంజనీరింగ్ చదివిన కుర్రాళ్లలో ఆ బంతి ఉంచుకున్నవాణ్ని నేను ఇంతవరకూ చూడలేదు.

పూర్తయ్యాక మీ తల మీద పెట్టి చూసుకోవాలనిపిస్తుంది. కొబ్బరినూనె రాసుకున్న రోజు మాత్రం వద్దు. లేత రంగు ఊలు మీద నూనె మరక ఒక్క ఉతుకుకు పోదు.

చలి విషయంలో ఒక మాట నిజాయితీగా చెప్పాలి. చేత్తో అల్లిన బట్ట ఎంత దగ్గరగా అల్లినా దాంట్లోంచి గాలి దూరుతుంది. మన సంక్రాంతి చలికి, భోగిమంట దాకా నడిచే తెల్లవారుజాముకు ఇది కావలసినదానికన్నా ఎక్కువ. ఢిల్లీ, కాశీ చలికీ చాలు. విన్నిపెగ్ గాలికి మాత్రం చాలదు. అందుకని టోపీ లోపల, చెవులు, నుదురు కప్పేంత మేర ఫ్లీస్ (చలిదుస్తులకు వాడే మెత్తని నూగు బట్ట) పట్టీ వేయండి. పన్నెండు పదమూడు సెంటీమీటర్ల వెడల్పు, బట్ట సాగే దిక్కు తల చుట్టూ వచ్చేలా కత్తిరించి, వదులు చేతికుట్టుతో పట్టించండి. బయటికి చూస్తే మీ అల్లికే, లోపల గాలిని కొంత ఆపే పొర. నెక్ వార్మర్‌కు ఫ్లీస్ వద్దు. ముక్కు మీదికి లాక్కుంటే ఊపిరి తేమ పట్టి అక్కడే గడ్డకడుతుంది, అది త్వరగా ఆరాలి. ఆ కారణంగానే కుదిరితే నెక్ వార్మర్ రెండు చేయండి. ఒకటి ఆరుతుండగా ఇంకోటి వేసుకుంటాడు. అప్పుడు ఊలు 400 గ్రాములు కొనాలి.

సమయం లెక్క. మొదట్లో ఒక వరుసకు ఐదారు నిమిషాలు పడుతుంది, చెయ్యి తిరిగాక మూడుకు వస్తుంది. రోజుకు గంట కూర్చుంటే ఒక్కో ముక్క వారం లోపే అవుతుంది. నెలలో మూడు ముక్కలూ చేసి, విప్పి అల్లుకోవడానికి కూడా రోజులు ఉంటాయి. అల్లేటప్పుడు పక్కన పొడిగుడ్డ పెట్టుకోండి. డెల్టా ఉక్కకు కార్తీకంలో కూడా అరచేతులు చెమర్చుతాయి. తడి వేళ్ల మీద ఆక్రిలిక్ జారదు, పట్టుకుంటుంది, మీకు తెలియకుండానే కుట్టు బిగుస్తుంది. లేసువాళ్లు ఒళ్లో గుడ్డ పరుచుకునేది దారం మాయకుండా, చేతులు తుడుచుకోవడానికి కూడా.

అమ్మమ్మను పిలవాలా? పిలవండి, కానీ ఒక జాగ్రత్తతో. మా వీధిలో ఏళ్ల తరబడి లేసు అల్లిన ఒక పెద్దావిడ మనవడికి ఊలు టోపీ అల్లింది. కుట్లు ముత్యాల్లా వచ్చాయి, టోపీ మాత్రం ఇత్తడి చెంబులా బల్ల మీద తనంతట తాను నిలబడింది. చిటికెన వేలికి దారం చుట్టి బిగించే అలవాటు ఆ చేతిది, ఊలును కూడా అలాగే బిగించింది. ఆమెకు 7 మిల్లీమీటర్ల సూది ఇచ్చి, ఊలు చిటికెన వేలికి చుట్టకుండా చూపుడువేలి మీదుగా మాత్రమే పోనివ్వమన్నాను. రెండో టోపీ మెత్తగా వచ్చింది. మీ అమ్మమ్మ కన్ను మీకు చాలా ఉపయోగం, ఎక్కడ కుట్టు తప్పిందో ముందు ఆవిడకే కనబడుతుంది. అల్లిక మాత్రం ఒక్క చేతి మీదే సాగనివ్వండి. మధ్యలో ఆవిడ పది వరుసలు సాయం చేస్తే ఆ పదీ బిగుసుకుపోయి, ముక్క అక్కడ నడుములా సన్నబడుతుంది. ఆవిడకు అతుకుపని అప్పగించండి, వదులుగా కుట్టమని ముందే చెప్పి.

ఇదే ప్రశ్న పసిపిల్లల కోసం అడిగేవాళ్లూ ఉన్నారు కాబట్టి ఒక మాట. టోపీ కొలత తగ్గించి అల్లవచ్చు గానీ, ఏడాది లోపు పిల్లలకు నెక్ వార్మర్ వద్దు, అది ముక్కు మీదికి జరిగితే తీసుకోలేరు. పడుకోబెట్టేటప్పుడు టోపీ కూడా తీసేయండి. బంతులు, గుండీలు అసలే వద్దు.

రెండు సూదులతో అల్లే స్వెటర్ అల్లిక, అదే నిట్టింగ్, మేలు కదా అని కొందరంటారు. ఆ బట్ట పల్చగా, ఇంకా సాగుతూ వస్తుంది, టోపీకి నిజంగానే బాగుంటుంది. కానీ ఒక కుట్టు జారితే నిలువునా వరుసలన్నీ విడిపోతాయి, ఎత్తిపట్టడం కొత్తవాళ్లకు రాదు. క్రోషేలో ఒక కుట్టు పూర్తయ్యాక సూది మీద మిగిలేది ఒకటే ఉచ్చు. తప్పు కనబడితే సూది తీసి, ఊలు లాగి, తప్పు దాకా విప్పి మళ్లీ మొదలుపెట్టవచ్చు. ఒక నెల గడువున్న మనిషికి ఈ సుఖమే పెద్దది.

ఉతకడం గురించి కాగితం మీద రాసి పెట్టెలో పెట్టండి: చల్లనీళ్లు, వలసంచిలో వేసి మెషీన్, బల్ల మీద పరిచి ఆరబెట్టడం, తీగకు వేలాడదీయకూడదు. ఇస్త్రీ పెట్టె ఆక్రిలిక్‌ను తాకకూడదు. వేడికి పోగులు కరిగి నున్నబడి, గట్లన్నీ శాశ్వతంగా అణిగిపోతాయి, మళ్లీ సాగవు. ప్రయాణం లోపల ఇంట్లో ఉంచే రోజుల్లో కూడా, ముడతలు పోవాలని ఎవరూ దాని మీద ఇస్త్రీ తిప్పకుండా చూసుకోండి. ఏ వరుసలో చిక్కుపడినా ముక్కను పగటి వెలుగులో ఫొటో తీసి ఇక్కడ పెట్టండి, అంచు రెండు వైపులా కనబడేలా.